గేటు దగ్గర వదిలేసినవి

పెద్దకార్యం నాడు పోయినవాళ్ళకి ఇష్టమైనవన్నీ వండి విస్తరి వెయ్యడం మా వైపు ఆనవాయితీ. పెద్దమ్మ పోయిన పదకొండో రోజు పొద్దున్న, ఆవిడ కూతురు గరిటె పట్టుకుని పొయ్యి ముందు నిలబడి, వచ్చినవాళ్ళందరినీ ఒకటే అడుగుతోంది.

“మాయమ్మకి ఏటి ఇట్టమో ఎవులికైనా తెల్సా?”

కన్నకూతురు ఊళ్ళోవాళ్ళని అడగాల్సిన ప్రశ్న కాదు. కానీ పాపం ఆమె మాత్రం ఏం చేస్తుంది? ఇష్టమైనవన్నీ పెద్దమ్మ ఏడాదికొకటి చొప్పున వదిలేస్తూ వచ్చింది. పనసపొట్టు కూర తినదు. వంకాయ ముట్టదు. టీలో పంచదార వెయ్యనివ్వదు. పెళ్ళి భోజనాల్లో ఆవిడకి వడ్డించేవాళ్ళు విసుక్కునేవాళ్ళు. “ఏటి పెద్దమ్మా, సుగరొచ్చిందేటి నీకు?” అంటే, “సుగరు కాదు నాయినా, యూనివర్సిటీ” అని నవ్వేది.

తెలిసినవాళ్ళం నవ్వేవాళ్ళం. తెలియనివాళ్ళు ముసలమ్మకి మతి చలించిందనుకునేవాళ్ళు.

ఊరంతా పెద్దమ్మ అనే పిలిచేది; ఆవిడ అసలు పేరు ఇక్కడ రాయను. రాస్తే ఆ కూతురు ఎప్పుడో ఒకప్పుడు చదివి గుర్తుపడుతుందని నా భయం. ఆ భయం ఎందుకో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

పలాస రైల్వే స్టేషనుకి అవతల, జీడి ఫ్యాక్టరీల వెనక మా పేట. పేటలో ఆడవాళ్ళందరికీ ఫ్యాక్టరీలోనే పని. మా అమ్మ పప్పు కోసం జీడిపిక్కలు కొట్టేది. పెద్దమ్మ కూడా వయసులో ఉండగా పిక్కలు కొట్టి కొట్టి, జీడి చమురుకి వేళ్ళ చివర్లు నల్లబడిపోయి, ఆ తరవాత పప్పు ఏరే పనికి మారింది. పగలని గుండు ఒక పళ్ళెంలోకి, రెండుగా విడిన బద్ద ఇంకో పళ్ళెంలోకి, ముక్క మూడోదాంట్లోకి. కబుర్లు చెబుతున్నా వేళ్ళ దారి వేళ్ళదే. అక్షరం ముక్క రాదు. సంతకం చెయ్యాల్సిన చోట, “నా ఏలు ముద్దర కంటే నల్లటి ముద్దర ఇంకెవులిదీ ఉండదు” అని గొప్పగా చెప్పుకునేది.

అలాంటి మనిషి, తొంభైల చివర్నుంచి పదేళ్ళ పైన, ఏడాదికి ముగ్గుర్నో నలుగుర్నో మా పేట పిల్లల్ని, ఉద్దానం ఊళ్ళ పిల్లల్ని రైలెక్కించి పెద్ద పెద్ద యూనివర్సిటీలు చూపించుకొచ్చేది. సీటు ఇప్పించడానికి కాదు. సీటు ఎలా వస్తుందో ఆవిడకి తెలియనే తెలియదు. ఊరికే చూపించడానికి.

ఈ పిచ్చి కాశీలో పట్టుకుందట. భర్త అస్థికలు గంగలో కలపడానికి ఊరి వాళ్ళతో వెళ్ళి, దారి తప్పి, తిరిగి తిరిగి ఓ పెద్ద యూనివర్సిటీ గేటు ముందు తేలింది. లోపల్నుంచి ఓ ఆడపిల్ల సైకిలు మీద పుస్తకాలు పెట్టుకుని బయటికొచ్చింది. ఆ పిల్ల చెప్పుకి పిన్నీసు పెట్టి ఉండటం పెద్దమ్మ చూసింది. ఆడపిల్లని మా వైపు గుంట అంటారు. ఆ కథ చెప్పినప్పుడల్లా పిన్నీసు దగ్గర ఆగేది.

“తెగిపోయిన సెప్పే. మన గుంటలేసుకున్నట్టే పిన్నీసెట్టుకుంది. మరి ఆ గుంట లోపలుంది, మన గుంటలు బయటున్నారేటి? ఆ గుంట గేటు సూసింది. మనోల్లు సూడనేదు. అంతే గదేటి.”

అంతే కాదని నాకిప్పుడు తెలుసు. దాని మీద గంటసేపు పాఠం చెప్పగలను, జీతం తీసుకుని చెబుతున్నాను కూడా. కానీ ఆ పాఠం విని ఇంతవరకూ ఒక్క పిల్లా రైలెక్కలేదు.

కాశీ వెళ్ళినవాళ్ళు ఇష్టమైన కాయో పండో అక్కడ వదిలేసి రావాలి కదా. పెద్దమ్మ లెక్కలో ఆ యూనివర్సిటీ కూడా కాశీలో భాగమే. క్షేత్రం అన్నాక నియమం ఉండాలి. అందుకని ఆ తరవాత ఏ యూనివర్సిటీకి పిల్లల్ని తీసుకెళ్ళినా, గేటు దగ్గర వాళ్ళ చేత ఒకటి వదిలించేది, తనూ ఒకటి వదిలేసేది. ఏం వదిలేసిందీ ఎవరికీ చెప్పకూడదు. కానీ తిండి విషయం ఎన్నాళ్ళు దాగుతుంది? ఆ ఏడు ఎవరింటి భోజనంలో దేనికి చెయ్యి అడ్డం పెట్టిందో అదే ఆ ఏడాది మొక్కు అని పేటంతా తెలిసిపోయేది.

అందుకే పెద్దకార్యం నాడు కూతురి ప్రశ్నకి సమాధానాలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. టెక్కలిలో బ్యాంకులో పని చేసే ఆయన ముందుకొచ్చి, “మా యేడు పనసపొట్టు కూర” అన్నాడు. ఇచ్ఛాపురం నుంచి వచ్చిన టీచరమ్మ, “మా యేడు తాటిముంజెలు” అంది. ఇంకెవరో మునక్కాడ అన్నారు. ఒకాయన ఎండు రొయ్యలన్నాడు. ఇవాళ నీచు వండకూడదని ఓ పెద్దాయన గదిమితే, “పదేల్లు నోరు కట్టుకుంది తాతా, ఇయ్యాలయినా తిననీ” అని ఆడవాళ్ళందరూ ఆయన మీదకి లేచారు. వదిలేసినవన్నీ వరసపెట్టి చెబుతుంటే, ఆవిడకి ఇష్టమైనవన్నీ ఒకచోట చేరాయి. కూతురు కళ్ళు తుడుచుకుంటూ పొయ్యిలో కట్టెలు ఎగదోసింది.

అప్పుడు నా వైపు తిరిగింది.

“సెల్లెమ్మా, మీ యేడు ఏటి ఒగ్గేసినాది?”

మా ఏడాది వెళ్ళినవాళ్ళలో మిగతా ఇద్దరూ ఆ రోజు రాలేదు. నేనొక్కదాన్నే. అందరూ నా మొహం చూస్తున్నారు. మా ఏడు మాత్రం పెద్దమ్మ కొత్తగా మానేసిన తిండి ఏదీ లేదు. ఆ సంగతి నాకు తెలుసు, ఎందుకంటే ఆ ఏడంతా నేను ఆవిడ చేతుల వైపే చూస్తూ ఉన్నాను. తెలియదని చెప్పి ఊరుకోవచ్చు. అందరూ ఏదో ఒకటి చెప్పారు, నేను మాత్రం చెప్పలేకపోతే అదోలా ఉంటుందనిపించింది. అసలు సంగతి ఎక్కడ బయటపడుతుందోనన్న కంగారూ ఉంది.

“జున్ను అండీ” అన్నాను.

నోటికి ఏదొస్తే అది అన్నాను. “జున్నా!” అని కూతురు నుదురు కొట్టుకుంది. “ఇప్పుడు జున్ను ఎక్కడ తెత్తాం దేవుడా!” ఆటో నడిపే వాళ్ళ మేనబావ వెంటనే ఫోను తీశాడు. జలంత్రకోటలో వాళ్ళ అత్తారింట్లో గేదె ఈనిందట, నిన్ననే జున్ను వండారట. “గంటన్నరలో ఎల్లొచ్చేత్తాను, ఇస్తరి ఎయ్యకండి” అని బండి తీసుకుని వెళ్ళిపోయాడు. వద్దని అరవాలనిపించింది. అరవలేదు.

ఆ గంటన్నరలో నేను అరుగు మీద కూర్చుని తలుచుకున్నదంతా ఇదీ.

పిల్లల్ని ఆవిడ ఎంచే పద్ధతే వేరు. మార్కులు అడిగేది కాదు. ఇంటికొచ్చి గుమ్మంలో కూర్చుని, “ఏమే గుంటా, నీకు తెల్దని మేస్టారుకి ఎప్పుడైనా సెప్పినావేటే?” అని అడిగేది. చెప్పానన్నవాళ్ళనే తీసుకెళ్ళేది. “తెల్దని సెప్పడానికి దయిర్నం గావాల. ఆ దయిర్నముంటే సదువు దానంతటదే వత్తాది” అనేది. నేను డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉండగా మా ఇంటికొచ్చింది. చెప్పానన్నాను. నిజంగానే చెప్పాను, ఆ రోజుల్లో నాకు ఆ ధైర్యం ఉండేది.

మా అమ్మ ఒప్పుకోలేదు. “ఏటికప్పా దానికియ్యన్నీ? సూసొచ్చినాక ఆశొత్తాది. ఆశ తీరకపోతే ఏడుత్తాది.” పెద్దమ్మ మా అమ్మ చెయ్యి తన చేతిలోకి తీసుకుని, వేళ్ళు నలుపు పక్కన నలుపు పెట్టి, “ఏడిత్తే ఏడవనీ. మనం ఏడవనేదేటి? సూసి ఏడిత్తే సదువొత్తాది, సూడకుండా ఏడిత్తే జీడొత్తాది” అంది. మా అమ్మ నవ్వేసింది. అలా మా ప్రయాణం ఖాయమైంది.

హైదరాబాదుకి జనరల్ పెట్టెలో వెళ్ళాం. నేనూ, మా పేటలోదే ఇంకో అమ్మాయీ, అక్కుపల్లి నుంచి ఓ చేపలవాళ్ళ అబ్బాయీ, పెద్దమ్మా. దారి పొడుగునా ఆవిడ యూనివర్సిటీ లైబ్రరీ గురించే చెప్పింది. అంతకు ముందు రెండుసార్లు వచ్చింది కాబట్టి అక్కడ ఆవిడకి అన్నీ తెలుసు. లోపల పెద్ద గది, బల్లలు, కుర్చీలు. అక్కడ ఓ కుర్చీలో కూర్చోవడం ఆవిడకి ఈ లోకంలోకెల్లా ఇష్టమైన పని.

“పొత్తకం తీసి ముందెట్టుకుంతాను. పెద్దది సూసి తీత్తాను. ఎవులూ ఏటీ అనరు. ఏల కూకున్నావని అడగరు, పనేటని అడగరు. మనూర్లో అలగ ఊరికే కూకోనిచ్చిన సోటు నాకు ఎక్కడా నేదే. పది నిమిసాలు కూకుంతాను, నెగిసి వచ్చేత్తాను.”

ఎదురు సీటులో నలుగురు కుర్రాళ్ళు ఉన్నారు. మంచి బట్టలు, చేతిలో ఇంగ్లీషు పత్రిక. పెద్దమ్మ మాట్లాడినంతసేపూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వు ఆపుకుంటున్నారు. ఒకడు మెల్లగా “ఏటి, ఏటి” అని అనుకరించాడు, సినిమాల్లో నౌకరు పాత్రలు అంటాయే, అలాగ. ఆవిడ వినలేదు. విన్నా పట్టించుకునే మనిషి కాదు. నేను విన్నాను. ఆ కుర్రాళ్ళ మీద కోపం రావాలి. నాకు పెద్దమ్మ మీద వచ్చింది. గొంతు తగ్గించి మాట్లాడొచ్చు కదా అనిపించింది. అక్కణ్ణించి దిగేదాకా నేను నోరు విప్పలేదు.

యూనివర్సిటీ గేటు దగ్గర వాచ్‌మన్ ఆవిడని గుర్తుపట్టి, “ఏమమ్మా, మళ్ళొచ్చినవా?” అని నవ్వాడు. పెద్దల దగ్గరికి వట్టి చేతుల్తో వెళ్ళకూడదని ఆవిడ జీడిపప్పు పొట్లాలు తెచ్చేది, ఫ్యాక్టరీవి కాదు, బజార్లో కొన్నవి. వాచ్‌మన్‌కి ఒకటిచ్చి, మమ్మల్ని గేటు పక్కన వరసగా నిలబెట్టింది.

“కళ్ళు మూసుకోండి. మీకు బాగా ఇట్టమైంది ఒకటనుకోండి. ఒగ్గేసినానని అనుకోండి. పైకి సెప్పకండి. ఇక్కడ ఒకటి ఒగ్గేత్తే, దాని కోసమైనా మల్లా వత్తారు.”

మిగతా ఇద్దరూ ఏం అనుకున్నారో తెలియదు. నేను కళ్ళు మూసుకుని మా మాటని వదిలేశాను. ఏటి, ఎలగ, నేదు, కూకో, నెగు, అన్నీ ఒక్క దెబ్బకి. ఆవిడ వదలమన్నది ఇష్టమైనదాన్ని. నేను వదిలేసింది నాకు నామోషీగా తోచినదాన్ని. ఆ మొక్కు అక్కడే చెడిపోయింది, కానీ నేను మాత్రం ఈ రోజు వరకూ తు.చ. తప్పకుండా పాటిస్తున్నాను.

లోపలికెళ్ళాక మిగతా ఇద్దరినీ ఎవరో సైన్సు విద్యార్థి ప్రయోగశాలలు చూపిస్తానని తీసుకెళ్ళాడు. పెద్దమ్మా నేనూ లైబ్రరీకి వెళ్ళాం. మెట్ల దగ్గర ఆవిడ ఆగి చెప్పులు విప్పింది. నన్నూ విప్పమంది. సరస్వతి ఉండే చోటుకి చెప్పులతో ఎలా వెళ్తాం? నేను విప్పాను. మెట్ల మీద కూర్చున్న అమ్మాయిలు ఇద్దరు చూసి నవ్వారు. ఎగతాళి చేశారని కూడా అనలేను, చూసి నవ్వారంతే. నాకు చెవులు వేడెక్కిపోయాయి.

సరిగ్గా అప్పుడే లోపల్నుంచి ఓ ప్రొఫెసరు గారు బయటికొస్తూ, మా ఉత్తకాళ్ళు చూసి ఆగారు. తెలుగావిడే. దయగల మనిషి, ఆ మాట ముందే చెప్పాలి. “ఎక్కణ్ణించి వచ్చారమ్మా?” అని అడిగారు. పెద్దమ్మ మొహం వెలిగిపోయింది.

“పలాస కాణ్ణించి తల్లీ. ఈ గుంట బాగా సదువుతాది. ఇక్కడెలగుంతాదో సూపిద్దారని తెచ్చినాను. ఇయ్యి మా జీడిపప్పులు, పుచ్చుకో తల్లీ, వద్దనకు.”

ప్రొఫెసరు గారు నవ్వుతూ పొట్లం అందుకుని, నా వైపు తిరిగి, “మీ అమ్మగారా?” అన్నారు.

కాదండి, మా పెద్దమ్మ అంటే సరిపోయేది. మా పేటావిడ అన్నా సరిపోయేది. ఆ ప్రశ్నకి వంద నిజాలు ఉన్నాయి.

“కాదండి. మా ఇంట్లో పని చేస్తుంది. తోడుగా పంపించారు.”

అలా అన్నాను. మెట్ల మీది అమ్మాయిలు వినేలా అన్నాను. పత్రికల్లో రాసే తెలుగులో, ఒక్క అక్షరం జారకుండా అన్నాను. ఇంట్లో పనిమనిషి! మాది ఒకటే గది. మా అమ్మ ఆ రోజు కూడా చేతులకి బూడిద రాసుకుని పిక్కలు కొడుతూ ఉంటుంది.

పెద్దమ్మ నా వైపు చూసింది. ఎక్కువసేపు కాదు. ఆ చూపులో కోపం ఉందని చెప్పగలిగితే నాకు హాయిగా ఉండేది. పళ్ళెంలో గుండు అనుకుని వేసినది బద్దగా తేలితే, తీసి పక్క పళ్ళెంలో వేసే ముందు ఒక్క క్షణం చూస్తుందే, అలా చూసింది.

తరవాత వంగి, మెట్ల కింద నేను విప్పిన చెప్పులు తీసుకొచ్చి, నా కాళ్ళ ముందు పెట్టింది.

“ఎల్లండి అమ్మగారూ. సంచి ఇలగియ్యండి, నాను సూత్తాను” అంది.

నా అబద్ధం అబద్ధంగా మిగలకూడదని ఆవిడ దాన్ని అక్కడికక్కడే నిజం చేసేసింది. నేను సంచి ఇచ్చాను. ఇచ్చాను! చెప్పులు తొడుక్కుని లోపలికెళ్ళాను. ప్రొఫెసరు గారు లైబ్రరీ అంతా తిప్పి చూపించారు, తన గదికి తీసుకెళ్ళి ప్రవేశ పరీక్షకి ఏం చదవాలో కాగితం మీద రాసిచ్చారు. ఆ కాగితంతోనే నాకు అక్కడ ఎమ్మేలో సీటొచ్చింది. మనసులో ఎక్కడో ఓ లాయరు కూర్చుని, ఆ అబద్ధం ఆడకపోతే ప్రొఫెసరు గారు అంత ఆదరించేవారా అని అడుగుతుంటాడు. తప్పకుండా ఆదరించేవారు. ఆ తరవాత రెండేళ్ళు ఆవిడ దగ్గర చదువుకున్నదాన్ని, నాకు తెలుసు.

బయటికొచ్చేసరికి పెద్దమ్మ మెట్ల పక్కన నేల మీద కూర్చుని ఉంది. నా సంచి ఒళ్ళో ఉంది. దారి పొడుగునా చెప్పుకున్న కుర్చీ ఇరవై అడుగుల దూరంలో ఉంది. లేచి లోపలికి వెళ్ళలేదు. యజమానురాలి సామాను కాస్తున్న మనిషి ఎలా వెళ్తుంది?

తిరుగు రైల్లో, క్షమించమని అడుగుదామని, “పెద్దమ్మా” అన్నాను. “ఆకలేత్తందా?” అని మరమరాల పొట్లం విప్పి నా ఒళ్ళో పెట్టింది. కాసేపయ్యాక మిగతా ఇద్దరితో, “నానూ ఒగ్గేసినాను ఈ యేడు” అంది. ఏటి పెద్దమ్మా ఏటి పెద్దమ్మా అని వాళ్ళు ఎంత అడిగినా, “సెప్పకూడదర్రా” అని కిటికీలోంచి బయటికి చూసింది. పేటకొచ్చాక మా అమ్మతో నా గురించి, “బంగారు పిల్ల, పెద్ద పొపీసరమ్మతో ఎంత బాగా మాటాడిందనుకున్నావు!” అంది. అందులో వెటకారం ఉందేమోనని నేను చాలా ఏళ్ళు వెతికాను. లేదు. నిజంగానే మురిసిపోయింది. కాకపోతే ఆ రోజు తరవాత నన్ను మళ్ళీ గుంటా అని పిలవలేదు. అమ్మా అనేది.

సీటొచ్చి హైదరాబాదు వెళ్ళిపోయాక పెద్దమ్మని ఒక్కసారే దగ్గరగా చూశాను. అప్పటికి అదే యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్నాను. దేని మీద అనుకున్నారు? జీడి ఫ్యాక్టరీలలో పని చేసే ఆడవాళ్ళ మీద. ఓ రోజు స్నేహితులతో బయటికొస్తుంటే, గేటు అవతల వేపచెట్టు నీడలో పెద్దమ్మ, చుట్టూ నాలుగు సంచులు. నేను స్నేహితులు బస్సెక్కేదాకా ఆగాను. ఎక్కాక వెనక్కొచ్చాను. ఆగిన మాట నిజం.

“ఇక్కడ కూర్చున్నారేం పెద్దమ్మా? లోపలికి రాలేదా?” అన్నాను. అప్పటికి ఆవిడతో కూడా నా తెలుగు ఇదే.

“పిల్లలెల్లినారమ్మా. నాను ఆ మెట్లెక్కనేను. మోకాల్లు.”

మోకాళ్ళు అనగానే గుండెలోంచి బరువు దిగింది. వయసైంది కదా, ఎక్కలేదు, అంతే. టీ తెప్పించాను. పంచదార లేకుండా చెప్పడం గుర్తుంచుకున్నందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను. ఆవిడ టీ తాగి, గ్లాసు కడిగి ఇచ్చి, “బాగా సదువుకో అమ్మా” అంది. థీసిస్ పూర్తయింది. కృతజ్ఞతల పేజీలో లైబ్రరీ అటెండరు పేరు కూడా ఉంది. ఈవిడది లేదు.

అరుగు మీద నేను ఇక్కడిదాకా వచ్చేసరికి, పక్కన ఓ అమ్మాయి వచ్చి కూర్చుంది. అక్కుపల్లి పిల్ల, రెండేళ్ళ కిందట పెద్దమ్మతో వెళ్ళొచ్చినవాళ్ళలో ఒకతి. ఇప్పుడు నేను చదివిన చోటే చదువుతోంది. నన్ను చూసి సంబరపడింది.

“మేడమ్, మీరే గదండి ఆ లైబ్రరీలో పొపీసరమ్మతో మాటాడినోరు! పెద్దమ్మ ప్రెతి సారీ మీ కతే సెప్పేది. ‘ఆ పిల్ల ఎలగ మాటాడిందో అలగ మాటాడాల, బయపడకూడదు’ అనేది.”

నేను బండి వస్తోందేమోనని వీధి వైపు చూశాను.

“కానీ ఒకటండి. ఆయమ్మ మాతో గేటు దాటేది కాదు. రా పెద్దమ్మా, కుర్సీలో కూకుందువు గాని అని సెయ్యట్టుకు లాగితే, ‘నానొగ్గేసినానే. లోపల కూకోడం ఒగ్గేసినాను. కాశీలో ఒగ్గేసినట్టే’ అనేది. మోకాల్లేటైనా నొప్పా అనడిగినాను. ‘మోకాల్లకేటి, గుండ్రాయిలాగున్నాయి’ అని నవ్వింది.”

“ఎప్పటినుంచి?” అన్నాను. అడగకుండా ఉండాల్సింది.

“మీ యేడు కాణ్ణించేనట మేడమ్. అంతకి ముందు లోపలికెల్లేదంట. ఏటైందే అనడిగితే, ‘నాను పక్కనుంటే పిల్లలు సిగ్గుపడతారే. ఆల్లని సిగ్గుపడనియ్యకూడదు’ అంది. పెద్దమ్మని సూసి సిగ్గుపడేదెవులండి? నాకర్దం కానేదు.” ఆ పిల్ల వేళ్ళ మీద లెక్కేసి, మళ్ళీ అంది. “మరి మీ యేడు జున్ను గదండి ఒగ్గేసినాది? ఒకే యేడు రెండొగ్గేసిందేటి?”

కళ్ళలోకి సూటిగా చూస్తూ అడిగింది. తెలియనిది తెలియదని చెప్పే పిల్ల, పెద్దమ్మ ఎందుకు ఎంచిందో తెలిసిపోతోంది. ఆ పిల్లకైనా చెప్పొచ్చు. అక్కడే, ఆ అరుగు మీదే, ఆవిడ ఇంకా పూర్తిగా వెళ్ళిపోకముందే. నోటిదాకా వచ్చింది.

“అయి ఉండొచ్చమ్మా” అన్నాను.

వీధిలో బండి ఆగింది. జలంత్రకోట నుంచి మేనబావ వచ్చేశాడు, చెమటలు కక్కుతూ, క్యారేజీ గుండెకి హత్తుకుని. “దొరికింది, దొరికింది” అని లోపలికి పరిగెత్తాడు. విస్తరి అప్పటికే సిద్ధంగా ఉంది. పనసపొట్టు, వంకాయ, మునక్కాడ, ముంజెలు, ఓ మూలగా పెద్దాయన చూడకుండా ఎండు రొయ్యలు, పక్కన గ్లాసులో పంచదార వేసిన టీ. ఏ ఏడాదిది ఆ ఏడాది వెళ్ళినవాళ్ళే వడ్డించారట.

కూతురు క్యారేజీ గిన్నె తెచ్చి నా చేతిలో పెట్టింది. “మీ యేడుది నువ్వే ఎయ్యి సెల్లెమ్మా.”

గిన్నె ఇంకా చల్లగా, తడిగా ఉంది. అందరూ దారి ఇచ్చారు. వంగి ఒక ముక్క విస్తట్లో వేశాను.

“అదేటమ్మా ఒకటే ముక్కా!” అని వెనకనుంచి ఎవరో ఆడమనిషి కేకేసింది. “ఇంకోటెయ్యి. ఆయమ్మకి ఇట్టం గదా.”

ఇంకో ముక్క వేశాను.